ఫొటోకి రాసిన మందు

ఇదిగో, నిన్నే. ఫోన్ అటూ ఇటూ తిప్పి మొహం చూసుకుంటున్నావే, అది నీ గడ్డాన్ని ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా చేసి చూపిస్తోందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మురిసిపో, నాదేం పోయింది. కాకపోతే ఓ ఐదు నిమిషాలు దాన్ని బోర్లా పెట్టి ఇటు తిరుగు. మొహాలు నున్నగా చేసే ఇంట్లో కాపురం చేసిన ఇల్లాలి సంగతి చెబుతాను. నవ్వొచ్చిన చోట నవ్వు, ఎక్కడ ఆపాలో నీకే తెలుస్తుంది.

ఆ పొద్దున ఆమె ఎవరో పెళ్లికూతురి ముక్కు పక్కన మొటిమ చెరుపుతోంది. భర్తది ఫొటో స్టూడియో. ముందుగదిలో లైట్లు, తెరలు, ఎత్తు కుర్చీ, ఆయనగారు. వెనకగదిలో రెండు కంప్యూటర్లు. ఒకదాని ముందు ఆమె, రెండోదాని ముందు ఆమె బాబాయి. టచప్ పనిలో చేయి తిరిగినవాడు, నోరు అంతకంటే తిరిగినవాడు. ఆమెకి పని నేర్పిందీ ఆయనే. వంట, గిన్నెలు, పిల్ల జడ, అత్తగారి మాత్రలు అన్నీ అయ్యాక తొమ్మిదిన్నరకి కుర్చీలో కూర్చుంటే, టీలు పెట్టడానికి లేవడమే తప్ప చీకటి పడేదాకా మౌస్ వదిలేది కాదు. రోజుకి యాభై మొహాలు. ఎవరైనా అడిగితే భర్త, "మా ఆవిడా? ఇంట్లో తోచక వచ్చి కూర్చుంటుందండీ" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒకటే ఆశ్చర్యం. తోచకపోవడం అంటే ఎలా ఉంటుందో, ఒక్కరోజైనా చూడాలని.

ఇక ఆమె మొహం సంగతి. కడుపుతో ఉన్నప్పుడు రెండు చెంపల మీదా మంగు మచ్చలు లేచాయి. చాలామందికి వచ్చేవే. పాప పుట్టిన మూడో నెలలో భర్త ఆమెని కెమెరా ముందు కూర్చోబెట్టాడు. షాపు అద్దాల్లో పెట్టడానికి పెద్ద బొమ్మ కావాలి. ఎడమవైపు మచ్చలున్న మొహం, కింద 'ముందు' అని. కుడివైపు మచ్చలు తీసేసిన మొహం, కింద 'తర్వాత' అని. నాలుగు రోజులకి ఆ బొమ్మ అచ్చయి వచ్చింది. 'ముందు' చూసి ఆమె తన చెంప తడుముకుంది. చెంపల నిండా బొగ్గుతో రాసినట్టు నలుపు.

"ఇంత ఘోరంగా ఉన్నానా నేను? అద్దంలో ఇలా లేదే" అంది.

"అద్దం మొహమాటపడుతుంది. కెమెరాకి ఆ మొహమాటం లేదు" అన్నాడు భర్త.

ఫొటోలు తినీ ఫొటోలు కట్టుకునీ బతికే ఇల్లు కదా, ఆ మాట ముందు ఇంకెవరి మాటా చెల్లదు. అద్దంలో లేతగా కనబడిన మచ్చల్ని ఆమె నమ్మలేదు, తన కళ్లే తనని జాలిపడి మోసం చేస్తున్నాయనుకుంది. అత్తగారు ఆ బొమ్మ ముందు నిలబడి, "పెనం అడుగు తోముకోవచ్చు గానీ మొహం ఏం పెట్టి తోముతాం" అని నిట్టూర్చింది. మర్నాడే మందుల షాపు నుంచి మచ్చలు పోగొట్టే క్రీము ట్యూబు వచ్చింది.

మొదటి నెల మొహం పాలమీగడలా తేలింది. ఆపితే మంట, మళ్లీ మచ్చ, ఈసారి ఇంకా నల్లగా. అందుకని ఆపలేదు. ఏళ్లు గడిచేసరికి చర్మం ఉల్లిపొరలా పలచబడింది, లోపలి నరాలు ఎర్రదారాల్లా కనబడ్డాయి, చెంపల మీద నూగు లేచింది, పొయ్యి దగ్గర నిలబడితే మొహం కాలిపోయేది. "కస్టమర్లు ఉన్నప్పుడు ఇటు రాకు. బయట 'తర్వాత' చూసి లోపలికొచ్చినవాళ్లు నిన్ను చూస్తే షాపు మూసుకోవాలి" అనేవాడు భర్త, నవ్వుతూనే. తన బొమ్మకి తనే అడ్డమని ఆమె వెనకగదిలోనే ఉండిపోయింది.

చుట్టాలొస్తే ఆమె వంటింట్లో, వాళ్లు హాల్లో. బాబాయి ఏదో కథ అందుకునేవాడు, ఇల్లు అదిరేలా నవ్వులు. ఆమె కప్పులతో వచ్చేసరికి కథ అయిపోయి ఉండేది.

"నాకూ చెప్పొచ్చుగా బాబాయ్?"

"నీకు చెబితే టీలో చక్కెర మర్చిపోతావే తల్లీ."

దానికీ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

పన్నెండేళ్లకి ఒకరోజు ఉత్త నీళ్లు తగిలినా చెంప భగ్గుమంటుంటే చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ ట్యూబు తిప్పి చూసి, "ఇది ఎవరు రాసిచ్చారు?" అంది.

"మందుల షాపాయన ఇచ్చాడండీ."

"ఎన్నాళ్లయింది?"

చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. రెండు మూడు వారాలకి మించి మొహానికి రాసేది కాదు. ఒక్కసారిగా ఆపకండి, ఎలా తగ్గించాలో చెబుతాను. ఇది మొదలుపెట్టకముందు మొహం ఎలా ఉండేదో ఫొటో ఉందా? చెరపనిది కావాలి."

ఇంటికెళ్లి వెతికింది. పాప పుట్టినరోజులు, మరిది పెళ్లి, ఏ ఫొటోలో చూసినా తన మొహం నున్నగానే ఉంది. అన్నీ తన చేత్తో తను చెరిపినవే. మిగిలింది 'ముందు' ఒక్కటే. అది బాబాయి కంప్యూటర్లో ఉంటుంది. చూడ్డానికి మనసొప్పక ఆమె ఎప్పుడూ తెరవలేదు.

షాపు సెలవురోజు తెరిచింది. టచప్ ఫైలులో ఒకదాని మీద ఒకటి గాజుపలకల్లా పొరలుంటాయి. పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే ఆ పొర మాయమవుతుంది. రోజూ ఆమె చేసే పనే. అక్కడ రెండే ఉన్నాయి. అడుగున ఫొటో. దాని మీద ఇంకొకటి, పేరు 'మసి'. నొక్కింది.

నలుపంతా లేచిపోయింది. అలసిపోయిన బాలింత ఒకతి ఆమెకేసి చూస్తోంది. చెంపల మీద టీ చుక్కలు ఎండినంత లేత మచ్చలు. అద్దం చెప్పింది అక్షరాలా అంతే. మళ్లీ నొక్కింది, మసి వచ్చింది. మళ్లీ నొక్కింది, పోయింది. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలీదు. పన్నెండేళ్లుగా తను మందు రాసింది ఒక ఫొటోకి.

భర్త అన్నం తింటున్నాడు. అడిగింది.

"తేడా తెలియాలిగా మరి. ఎడమవైపు నల్లగా లేకపోతే కుడివైపుని ఎవడు చూస్తాడు? వ్యాపారంలో అది మామూలే."

"నేను ట్యూబు రాసుకుంటుంటే చూస్తూనే ఉన్నారుగా. ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే ఏమయ్యేది, సినిమాల్లోకి వెళ్లేదానివా? పెరుగు వెయ్యి."

వేసింది. రోజూలాగే ఒక్క చుక్క ఒలకలేదని తర్వాత చెప్పింది. అందుకే ఆమెకి ఎక్కువ భయం వేసిందట.

డాక్టరమ్మ ఆ ఫొటో చాలాసేపు చూసింది. "కాన్పు మంగు ఇది. ఎండకి కాచుకుని ఓపిక పడితే చాలావరకు తనంతట తనే పోయేది. ఇప్పుడున్నది ట్యూబు తెచ్చిపెట్టింది. నలుపు తగ్గిద్దాం. ఎండకి క్రీము, గొడుగు, పొయ్యి వేడికి దూరం. పలచబడిన చర్మం పూర్తిగా వెనక్కొస్తుందని మాత్రం మాటివ్వలేను."

మర్నాడు పొద్దున, మొదట్లో చెప్పిన ఆ పెళ్లికూతురి మొటిమ చెరపడం ఆపి, ఆమె బాబాయి ఎదుట కూర్చుంది. "బాబాయ్, నేను టీ పెడుతుంటే చుట్టాలకి చెప్పే కథ, ఇవాళ నాకు చెప్పు."

ఏముంది, బాబాయి హుషారుగా అందుకున్నాడు. బొమ్మ బాగా ఆడాలని అల్లుడు అడగడం, తను రెండు చేతులా మసి అద్దడం, అది చూసి పిచ్చిపిల్ల తన మొహమేననుకుని ట్యూబు పట్టడం. అలవాటైన చోట ఆగాడు, నవ్వు కోసం.

"తర్వాత?" అంది.

"తర్వాతేముందే, అయిపోయింది."

"నీకు అయిపోయింది. మిగతాది నేను చెబుతాను, విను." ఇంతసేపూ నువ్వు విన్నదంతా అప్పుడే చెప్పింది, ఒక్క మాటా పెంచకుండా. చెప్పి, పెళ్లికూతురి ఫైలు సగంలో మూసేసింది. ఇంకో ఊళ్లో పుస్తకాలు అచ్చేసే చోట పని దొరికిందనీ, పాపని తీసుకుని వెళ్తున్నాననీ అంది. కిటికీ దగ్గరకెళ్లి వెలుగుకేసి మొహం తిప్పింది. "ఇకమీద చెబితే ఇక్కడిదాకా చెప్పు బాబాయ్."

చెప్పానా మరి. నలభయ్యేళ్లుగా నా పని మొహాల మీద మచ్చలు వెతకడం. ఆ పిల్ల రోజుకి నాలుగుసార్లు నా ఎదుట నిలబడి టీ ఇచ్చింది. ఆ రోజు కిటికీ దగ్గర చూసేదాకా, నేను అద్దని నిజం మచ్చ ఆ మొహం మీద ఒక్కటైనా నాకు కనబడలేదు.