లైన్ క్లియర్ చిట్టీ

ధారూర్ దాటినాక వచ్చే ఆ ఊళ్లో లైన్‌మన్ మునీర్‌కు ఆరేళ్లుగా ఒకటే గుర్తు. పిండిగిర్ని చప్పుడు ఆగిందంటే కరెంటు పోయినట్టు. నిజానికి స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు పోయి, లైను ఆపినామని వాళ్లు రాసిచ్చే లైన్ క్లియర్ చిట్టీ తెచ్చుకోవాలి. సబ్‌స్టేషన్ ఐదు మైళ్లు. పంట ఎండుతుంటే రైతులు అంతసేపు ఊరుకోరు. అందుకని రోజూ కరెంటు కోతవేళకు గిర్ని ఆగగానే ఎక్కి, పని ముగించుకొని దిగేవాడు.

ఎనభై మూడులో పై ఆఫీసువాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. తాండూరు బండలు కోసే మిషన్లు, ఈ పక్క బావుల మోటర్లు ఒక్కసారే గుంజుతుంటే కరెంటు చాలక మోటర్లు కాలిపోతున్నాయి. అందుకని బావులకు ఒక లైను, మిషన్లకూ గిర్నికీ ఇళ్లకూ ఇంకో లైను చేసి, వంతులవారీగా ఇచ్చి మూడు నెలలు చూస్తామన్నారు. బాగుంటే తాలూకా అంతా అదే.

వంతుల కాగితం మునీర్‌కు చదివి వినిపించింది అతని భార్య అలీమాబీయే. ఏడో తరగతి మధ్యలో నిఖా చేసి పంపారు గానీ, అక్షరం మీద ప్రేమ పోలేదు. ఇప్పుడు ఒళ్లో ఎనిమిది నెలల బిడ్డ. మొగుడు స్తంభాల మీద ఉన్నంతసేపూ ఆమె గుండె గుప్పిట్లోనే ఉండేది.

మూడో నెలలో ఒకరోజు గిర్నిలో జొన్నలు పోయించి నిలబడింది. పట్టా గిర్రున తిరుగుతున్నదల్లా ఆగిపోయింది.

"పోయె కరెంటు!" అంది పక్కనే ఉన్న మొగులమ్మ. "నీ మొగడు ఇగ కోతి లెక్క ఎక్కుతడు తియ్యి. పొద్దున్నే పాండురంగం తన బాయికాడికి తోల్కపోయిండు, తీగ తెగిందని."

అలీమాబీకి వంతుల కాగితం గుర్తొచ్చింది. ఈ వారం పొద్దటి వంతు బావులది. ఆగింది గిర్ని లైను ఒక్కటే, బావుల తీగల్లో కరెంటు ఉంటుంది.

జొన్నలు అక్కడే వదిలి, బిడ్డను చంకలో అదుముకొని చేన్లకు అడ్డంపడి పరుగెత్తింది. మునీర్ అప్పటికే నిచ్చెన సగం ఎక్కాడు.

"అజీ! దిగుండ్రి! తీగె ముట్టకుండ్రి!"

"పిచ్చి లేసిందా నీకు? గిర్ని ఆగలే?"

"గిర్నిది వేరే లైను! కాయిదం సదివి ఇనిపిచ్చిన గద!"

పాండురంగం నవ్వుతూనే పక్క బావి దగ్గరికి పోయి మోటరు బటను నొక్కాడు. మోటరు బుయ్యిమని మోగింది, నీళ్లు దుమికాయి. అతని నవ్వు ఆగిపోయింది. మునీర్ దిగి ఒడ్డు మీద కూలబడ్డాడు.

"ఎవలకు చెప్పకు," అన్నాడు ఆమెతో. "చిట్టీ లేకుంట ఎక్కినా అని తెలిస్తె నౌకరి పోతది."

వారం తిరక్కుండానే ఇంజనీరు రాజేందర్ పద్ధతి ఎట్లుందో అడిగి రాసుకోవడానికి వికారాబాద్ నుంచి వచ్చాడు. పంచాయతీ వరండాలో రైతులు సంతోషంగానే చెప్పారు. మోటర్లు కాలుతలేవు, నీళ్లు మస్తుగొస్తున్నయి అని. ఇంజనీరు అన్నీ రాసుకున్నాడు.

"మరి ఇబ్బందులు?"

మునీర్ నేల చూస్తున్నాడు. చెప్తే నౌకరి పోతుంది, చెప్పకపోతే మనిషే పోతాడు అనుకుంటూ అలీమాబీ గోడ వెనక నుంచి లేచి వచ్చింది.

"సార్, గిర్ని ఆగితే మా ఇంటాయన స్తంభమెక్కుతడు. ఆరేండ్ల అలవాటు. లైన్లు వేరైనంక ఆ గుర్తు అబద్ధమైంది. పోయిన వారం సచ్చేటోడే."

ఇంజనీరు చేతిలో పెన్ను ఆగింది. "చిట్టీ తెచ్చుకోవా మునీర్?"

పాండురంగం లేచాడు. "మేమే తెచ్చుకోనియ్యలేదు సార్. స్తంభం కింద నిలబడి జల్ది జల్ది అని సతాయించింది మేము. రాస్తె మా పేర్లు గూడ రాయుండ్రి."

"ఒక్క నీ ఊరి సంగతి గాదిది," అన్నాడు ఇంజనీరు మెల్లగా. "ఒక్కో లైన్‌మన్‌కు ఒక్కో గుర్తుంటది. అందరినీ అడగకుంట తాలూకాల మొదలుపెట్టొద్దని రాస్త." తర్వాత అలీమాబీ వైపు చూశాడు. "చిట్టీ లేకుంట ఎక్కింది గూడ రాయాలె గద, అమ్మా."

"నౌకరి పోతదా సార్?"

"అది పై ఆఫీసుల చూస్తరు."

పది రోజులకు కాగితం వచ్చింది. నెల రోజులు పనికి రావద్దని, తర్వాత చిట్టీ లేకుండా ఎక్కితే పూర్తిగా తీసేస్తామని. మునీర్ అది మడిచి గోడలోని తాకులో పెట్టాడు. ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు, బిడ్డను ఎత్తుకున్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అలీమాబీ కళ్లు తుడుచుకుంటూనే రొట్టెలు చేసింది. మొగుడు పలకని బాధ ఒక పక్క ఉండగానే, అతను స్తంభం ఎక్కడం లేదని ఆ నెల రోజులూ ఆమె కంటినిండా నిద్రపోయింది. అందుకు ఆమెకు సిగ్గేసింది. నెలలో ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో మాత్రం ఆమె లెక్కపెట్టలేదు.