అక్టోబర్ ఒకటి దాటిన అట్టముక్క

నేను ఒక అట్టముక్కను. అరచేతిలో ఇమిడిపోతాను. నాకు ఒకవైపు నలభై జబ్బులున్నాయి, రెండోవైపు ఒక పెళ్లికొడుకు ఉన్నాడు. ఆ పెళ్లికొడుకు మీద నేను పగ ఎలా తీర్చుకున్నానో చెబుతాను. చెప్పేటప్పుడు నా గొంతులో సంతోషం వినిపిస్తే తప్పు పట్టకండి, దాచుకోవడం నాకు చేతకాదు.

చిక్కడపల్లిలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో శుభలేఖగా పుట్టాను. గంధం రంగు దళసరి అట్ట, ఎర్ర అక్షరాలు, మూలలకు పసుపు. శ్రావణమాసంలో హనుమకొండలో దయాకర్ అనే అతని పెళ్లి. మమ్మల్ని ఐదువందల మందిని అచ్చువేయించాడు. శుభలేఖ బతుకు ఎంతో మీకు తెలియనిది కాదు. ముహూర్తం ఎన్నింటికో, భోజనాలు ఎక్కడో చూసుకునేదాకా మర్యాద, ఆ తర్వాత ఫ్రిజ్ మీద దుమ్ము.

నాకు ఆ గతి పట్టలేదు. దయాకర్ ఉప్పల్‌లో ఒక మెడికల్ కోడింగ్ కంపెనీలో పనిచేసేవాడు. ఆఫీసు క్యాంటీన్‌లో మమ్మల్ని పంచుతూ నన్ను వసుంధర చేతిలో పెట్టాడు. ఆమెది అతని పక్క సీటే. జనగామ దగ్గర ఊరు, ఫార్మసీ చదివింది, అప్పటికి ఆరేళ్లుగా ఆ కంపెనీలోనే ఉంది.

వాళ్ల పనేమిటో చెప్పాలి. అమెరికాలో ఎవరికో నడుం పట్టేస్తుంది. అక్కడి డాక్టరు చూసి నాలుగు ముక్కలు రాస్తాడు. ఆ రాత ఉప్పల్‌కి వస్తుంది. వసుంధరలాంటివాళ్లు దాన్ని చదివి, ఆ నొప్పికి జాబితాలో ఉన్న కోడ్ వేస్తారు. ఒక అక్షరం, దాని వెనక కొన్ని అంకెలు, అంతే. కోడ్ సరిగ్గా ఉంటేనే అక్కడి బీమా కంపెనీ ఆ జబ్బును జబ్బుగా ఒప్పుకుంటుంది. లేకపోతే క్లెయిమ్ వెనక్కి కొడుతుంది. ఇక్కడ కూర్చుని ఊళ్లోవాళ్ల నడుం నొప్పులకు అంకెలు వేసీ వేసీ వీళ్ల నడుములు కూడా పట్టేస్తాయి, వాటికి మాత్రం ఎవరూ కోడ్ వేయరు.

ఆ జాబితా ఏటా అక్టోబర్ ఒకటిన మారుతుంది. కొన్ని కోడ్లు రద్దవుతాయి, కొన్ని కొత్తగా పుడతాయి, కొన్ని ముక్కలై రెండో మూడో అవుతాయి. సెప్టెంబర్ ముప్పై దాకా నిక్షేపంగా చెల్లిన కోడ్ మర్నాడు పొద్దున వేస్తే తప్పు. మనుషులు జబ్బుపడే తీరు అలాగే ఉంటుంది, దాన్ని రాసే తీరే ఏడాదికోసారి కొత్తదవుతుంది.

పెళ్లయిన నెలకు, సెప్టెంబర్ చివరి ఆదివారం, వసుంధర నన్ను కత్తెరతో ఐడీ కార్డంత కోసింది. అచ్చు ఉన్నవైపు 'చి. దయాకర్' అన్న మాట, దాని కింద కాస్త ఖాళీ మిగిలాయి. పెళ్లికూతురు పేరు కత్తెరకు పోయింది. ఖాళీగా ఉన్నవైపు సన్నటి పెన్నుతో నలభై జబ్బులూ వాటి కోడ్లూ రాసి, చెమటకు చెదిరిపోకుండా పైన టేపు అంటించింది. అక్టోబర్ ఒకటి నుంచి ఆమె మెడలో ఐడీ కార్డు వెనక, ప్లాస్టిక్ కవరులో నా కాపురం.

నాకంటే ముందు నాకు అక్కలున్నారు. ఒకామె మిఠాయి డబ్బా మూత, ఒకామె క్యాలెండర్ అట్ట, ఇంకొకామె చీర పెట్టె ముక్క. కొత్త జాబితా రాగానే వసుంధర పాతదాన్ని రెండు కొసలు పట్టుకుని నాలుగు ముక్కలుగా చింపేది. చింపుతూ "ఇగ నీ పని అయిపోయింది, పో" అనేది. మా అక్క అలా పోవడం నా కళ్లతో చూశాను. నాకూ ఏడాదే ఆయుష్షని ఆ రోజే తెలిసింది, దానికి నేను బాధపడలేదు. రాసిన చేతుల్లోనే పోవడం కన్నా నాకేం కావాలి?

ఒక మాట ఒప్పుకోవాలి. నేను అక్కడ ఉండటం తప్పే. రోగుల వివరాలు బయటికి పోతాయని ఆ హాల్లోకి కాగితం, పెన్ను, ఫోను ఏదీ తేనివ్వరు. నా మీద ఏ రోగి పేరూ లేదు, అయినా నేను కాగితం జాతిదాన్నే. ఈ సంగతి టీమ్‌లో అందరికీ తెలుసు. ఎక్కువ వాడుకున్నది దయాకరే. "వసుంధరా, ఒక్కసారి నీ ఐడీ ఇటియ్యి" అని రోజుకు పదిసార్లు చెయ్యి చాపేవాడు. ఏటా సెప్టెంబర్‌లో మార్పుల జాబితా వందల పేజీలు వస్తే వసుంధర ఇంట్లో కూర్చుని వారం పాటు చదివి, తమ పనికి కావలసినవి ఏరి, క్యాంటీన్‌లో టీ తాగుతూ పావుగంటలో అందరికీ చెప్పేది. దయాకర్ ఆ టీ వదలకుండా తాగాడు. జాబితా మాత్రం ఏడేళ్లలో ఒక్కసారీ తెరవలేదు.

నాకు ఏడాది నిండబోతున్న సెప్టెంబర్‌లో కూడా ఆమె జాబితా చదివింది. నా మీదున్న నలభైలో ఏడు మారబోతున్నాయి. కొత్త కార్డు రాసుకునేముందు వాటిని గుర్తు పెట్టుకోవడానికి నన్ను తిప్పి, 'చి. దయాకర్' కింద ఖాళీలో పెన్సిల్‌తో చీమతలకాయంత అక్షరాలతో రాసింది. 'అక్టోబర్ 1 నుంచి ఇవి చెల్లవు' అని పైన, దాని కింద ఏడు వరసలు. మొదటిది నడుం నొప్పి, పాత కోడ్ పోయి దాని చోట మూడు వచ్చాయి. రెండోది దగ్గు, అది ఇంకా ఎక్కువ ముక్కలైంది.

అదే నెలలో కంపెనీకి కొత్త ట్రైనర్ కావలసి వచ్చాడు. పరిశీలనలో రెండు పేర్లున్నాయి, వసుంధర, దయాకర్. గురువారం ఇంటర్వ్యూ. బుధవారం పొద్దున మేనేజర్ ఫిలోమినా మేడమ్ ఎటూ చూడకుండా తిన్నగా వసుంధర సీటు దగ్గరికే వచ్చింది.

"మీ ఐడీ కార్డు ఒకసారి ఇవ్వండి."

కవరులోంచి నన్ను లాగింది. పక్క సీట్లో దయాకర్ కళ్లు ఆర్పకుండా స్క్రీన్ వైపు చూస్తూ పనిలో మునిగిపోయి ఉన్నాడు. ఆ స్క్రీన్ ఎప్పుడో లాక్ అయిపోయింది.

"కోడ్లే మేడమ్. పేషెంట్ల పేర్లేం లేవు," అంది వసుంధర.

"కాగితం కాగితమే కదమ్మా. ఏడేళ్ల నుంచి ఉన్నారు, రూల్ మీకు నేను చెప్పాలా?"

మధ్యాహ్నానికి ఆమె ఉద్యోగం పోయింది. చేతికిచ్చిన ఉత్తరంలో 'గోప్యత నియమం ఉల్లంఘించినందుకు' అని రాశారు. ఈ పనిలో ఆ ఒక్క వాక్యం ఉన్న ఉత్తరం పట్టుకెళితే ఏ కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. ఏడేళ్ల అనుభవం, ఒక్క తప్పు పోనివ్వదన్న పేరు, అన్నీ ఆ వాక్యం కింద పడి నలిగిపోయాయి.

టీమ్‌లో ఇలాంటి నియమాలు చూసుకునే బాధ్యత దయాకర్‌ది. అందుకని మేడమ్ నన్ను తిప్పి కూడా చూడకుండా అతనికిచ్చి, "ష్రెడ్డర్‌లో వేసి సంతకం పెట్టండి," అంది. కాగితాన్ని ముక్కలు చేసే ఆ యంత్రంలో వేసినట్టు సంతకం పెట్టాడు. నన్ను మాత్రం జేబులో వేసుకున్నాడు.

వారంలో ట్రైనర్ అయ్యాడు. ట్రైనింగ్ గదిలో ఒంటరిగా నన్ను తీసి తిప్పాడు. తన పేరు కనబడింది. మొహం ఎర్రబడింది. "నా పెళ్లి కార్డు కోసి గిట్ల జేసిందా," అని పళ్లు నూరాడు. అక్కడితో ఆగిపోయాడు. తన పేరు కనబడ్డాక దాని కింద ఇంకా ఏదైనా ఉంటుందని మనిషికి తోచదు కాబోలు. రెండువైపులా అంటుకునే టేపు తెచ్చి నా అంచులకు వేసి, పేరున్న వైపు లోపలికి పెట్టి, నన్ను బీరువా తలుపు లోపల గట్టిగా నొక్కి అంటించాడు.

కడుపు మండిపోయింది నాకు. ఎవరి కష్టాన్ని దొంగిలించాడో ఆమె చేతిరాతనే ఎదురుగా పెట్టుకుని పాఠం చెబుతాడట. ఆ మంట కాస్త చల్లారాక అసలు సంగతి తట్టింది. నా వీపు మీద ఏముందో ఇతను చదవలేదు. ఒకటో తారీఖు దాటితే నేను చెల్లనిదాన్ని, ఆ సంగతి చెప్పే అక్షరాలను ఇతనే తన చేతులతో బీరువాకు అంటించి మూసేశాడు. నేను చేయవలసిందల్లా ఊరుకోవడమే.

అక్టోబర్ ఒకటి వచ్చింది. మార్పుల మెయిల్ వస్తే 'చదివి పాటించగలరు' అని అందరికీ పంపించాడు, తను మాత్రం తెరవలేదు. ఎవరో అడిగితే, "మన కాడికొచ్చేటియి దగ్గులు, నడుం నొప్పులు. వాటిల ఏం మారతది?" అన్నాడు. బీరువాలో నేను పొంగిపోయాను.

ఇరవై రెండు మంది కొత్తవాళ్లు అతని క్లాసులో కూర్చున్నారు. అతను తలుపు తీసేవాడు, నన్ను చూసేవాడు, బోర్డు మీద రాసేవాడు. ఒకరోజు ముందు వరసలో అమ్మాయి లేచి, "సార్, సిస్టమ్‌ల ఈ నడుం నొప్పి కోడ్ తీసుకుంటలేదు," అంది.

"సిస్టమ్ ఇంకా అప్‌డేట్ కాలే. బోర్డు మీదిది రాసుకో."

ఆ పిల్ల రాసుకుంది. క్లయింటు, అంటే అమెరికా ఆసుపత్రివాళ్లు, పెట్టే పరీక్ష తప్పితే ఈ కొత్తవాళ్లను ఇంటికి పంపించేస్తారని నాకు తెలుసు. జాలి కలగలేదని అబద్ధం చెప్పను. కలిగింది, దాన్ని నా పగ కింద తొక్కిపెట్టాను. ఒక్కసారి అతను నన్ను పీకి తిప్పి చూస్తే పిల్లలూ బతికేవారు, అతనూ బతికేవాడు. తిప్పొద్దు, తిప్పొద్దు అనుకుంటూ ఆ తలుపును అంటిపెట్టుకుని ఉన్నాను.

పరీక్ష ఫలితం మూడో వారంలో క్లయింటు మెయిల్‌లో వచ్చింది. ఇరవై రెండు మందికీ ఏడేసి తప్పులు. అందరివీ అవే ఏడు ప్రశ్నలు, అవే తప్పు జవాబులు. ఫిలోమినా మేడమ్ ఆ మెయిల్ అచ్చుతీసి పట్టుకుని క్లాసులోకి వచ్చింది.

"ఇరవై రెండు మందికీ ఒకే తప్పు ఎట్లా పోయింది దయాకర్?"

"ఈ బ్యాచే అట్లుంది మేడమ్, చదవరు. అందరినీ తీసేసి కొత్తోళ్లను తీసుకుందాం."

ముందు వరస అమ్మాయి లేచింది. "సార్ బోర్డు మీద రాసిందే మేం రాసినం మేడమ్."

మేడమ్ ఆ పిల్లను చూసింది, అతన్ని చూసింది. "మీరు దేన్ని చూసి పాఠం చెబుతున్నారో అది తీసుకుని పది నిమిషాల్లో నా రూమ్‌కి రండి."

ఆమె బయటికి నడవగానే అతను తాళంచెవితో నన్ను తలుపు నుంచి గీకి పీకాడు. గుప్పిట్లో పెట్టుకుని ప్యాంట్రీ పక్కనున్న ష్రెడ్డర్ దగ్గరికి పరుగెత్తాడు. అది పలచటి కాగితాలు తినే యంత్రం. నేను దళసరి శుభలేఖను. ఒకవైపు వసుంధర అంటించిన టేపు, రెండోవైపు దయాకర్ అంటించిన జిగురు. దాని పళ్లు నన్ను పట్టుకున్నాయి, నేనూ వాటిని పట్టుకున్నాను. కింది కొస కాస్త నలిగింది. నొప్పి పుట్టింది, ఓర్చుకున్నాను. యంత్రం కీచుమని అరిచి ఆగిపోయింది. అతను మీటలన్నీ నొక్కాడు, నన్ను లాగాడు, యంత్రాన్ని కాలితో తన్నాడు.

ఆ చప్పుడుకు ఊడ్చే సత్తెమ్మ వచ్చింది. "ఏం ఏసినవ్ సారూ? దీంట్ల అట్టలు ఎయ్యొద్దని రాసే ఉంది గదా." ప్లగ్గు పీకి, మూత ఎత్తి, నన్ను మెల్లగా ఊడదీసింది.

"ఇటియ్యి సత్తెమ్మా."

"ఇరుక్కున్నది ఏదైనా మేడమ్‌కే చూపియ్యాలె సారూ. మొన్న చూపియ్యకుంటే నన్ను అన్నరు."

నన్ను పట్టుకుని ఆమె నిదానంగా నడిచింది. అతను ఆమె వెనకే నడిచాడు. ఆమె చేతిలోంచి లాక్కోలేడు, వదిలేసి వెళ్లిపోనూలేడు. అంత దూరం నా వెనక అలా నడిచివచ్చాడే, ఆ నడక నాకు చాలు.

మేడమ్ ముందుగా అచ్చువైపు చూసింది. "మీ పెళ్లి కార్డా ఇది?" అంది. తర్వాత కళ్లజోడు పెట్టుకుంది. పెన్సిల్ రాతను, క్లయింటు మెయిల్‌ను పక్కపక్కన పెట్టి ఒక్కో వరస మీదా వేలు పెడుతూ పోయింది. నడుం నొప్పి. దగ్గు. ఇంకో ఐదు. ఏడింటికి ఏడూ కలిశాయి. తిప్పితే అవతల వసుంధర చేతిరాత.

"సెప్టెంబర్‌లో నేను ష్రెడ్ చేయమన్నది దీన్నే కదా? చేశానని సంతకం పెట్టారు."

అతను నా వైపు చెయ్యి చాపితే మేడమ్ నన్ను ఇవతలికి జరుపుకుంది.

"దాచుకున్నవారు కనీసం వెనక్కి తిప్పి చూడాల్సింది దయాకర్."

సాయంత్రానికి అతని ఉత్తరం తయారైంది. వసుంధరకు ఇచ్చిన ఉత్తరమే తెరిచి, అందులో పేరు, తేదీ మార్చి, అదే వాక్యం ఉంచి అచ్చుతీశారు. ఆ ప్రింటర్ చప్పుడు విన్నాను నేను. ఇప్పటికీ తలచుకుంటే హాయిగా ఉంటుంది.

రెండు రోజులకు మేడమ్ పిలిపిస్తే వసుంధర వచ్చింది. విచారణలో నా మీద ఏ రోగి వివరమూ లేదని తేలడంతో ఆమె ఉత్తరంలోంచి ఆ వాక్యం తీసేసి, ఏడేళ్ల అనుభవం మచ్చ లేకుండా రాసి ఇచ్చారు. ట్రైనర్‌గా ఉంటారా అని మేడమ్ అడిగింది.

"ముందు ఆ పిల్లలను ఇంటికి పంపియ్యకుండ్రి మేడమ్. వారం రోజులియ్యండి, నేను చూస్త," అంది.

వారం తర్వాత ఇరవై రెండు మందీ మళ్లీ పరీక్ష రాసి గట్టెక్కారు. నేను తొక్కిపెట్టిన జాలిని ఆమె అలా పైకి లేపింది. ఆ రోజే ఆమె మేడమ్ దగ్గరికి వచ్చి నన్ను అడిగింది.

"ఆ ముక్క నాకిస్తరా మేడమ్?"

"విచారణ ఫైల్‌లో ఉందమ్మా. ఏడేళ్లు దాచాలి. చూసి ఇచ్చేయండి."

నన్ను అరచేతిలో పెట్టింది. నలిగిన కొసను బొటనవేలితో సరిచేసింది. తిప్పి పెన్సిల్ రాత చూసుకుంది. తర్వాత, అలవాటు కొద్దీ కాబోలు, నా రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుంది. మా అక్కలను పట్టుకున్నట్టే. నేను సిద్ధంగా ఉన్నాను.

"చింపొద్దమ్మా," అంది మేడమ్.

వసుంధర నన్ను బల్ల మీద పెట్టేసింది.

అది జరిగి రెండేళ్లయింది. ప్లాస్టిక్ కవరులో, తాళం వేసిన బీరువాలో ఉన్నాను. కవరు మీద దయాకర్ పేరు, లోపల నా మీదా దయాకర్ పేరు. ఎవరు ఫైలు తెరిచినా మొదట అతన్నే చూపిస్తాను, అందులో మొహమాటం లేదు. అక్టోబర్ ఒకటి మళ్లీ రెండుసార్లు వచ్చి వెళ్లింది. నా పగ తీరింది, పూర్తిగా తీరింది. ఏడాది ఆయుష్షుతో పుట్టినదాన్ని, ఇంకా ఐదేళ్లు ఇక్కడే ఉండాలి. పక్క గదిలో ఆమె కొత్త బ్యాచ్‌కు పాఠం చెబుతుంటే గోడలోంచి గొంతు వినిపిస్తుంది. ఒక్కసారి ఇటు వచ్చి, "ఇగ నీ పని అయిపోయింది, పో" అంటే బాగుండును.