చదివి వినిపించినవారు

ప్రింటరులోంచి వచ్చిన కాగితాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అంజనమ్మ వాటిని బల్ల మీద తట్టి అంచులు సరిచేసి, రెండు కన్నాలు పొడిచి, దారం కట్టి అట్టలో పెడుతోంది. నిన్న ఒక్కరోజే పంతొమ్మిది ఒప్పందాలు. ఒక్కొక్కటి ఏడు పేజీలు. ఆరో పేజీ దాకా ఆమె చేతులు నిదానంగానే కదులుతాయి. ఏడో పేజీ రాగానే గభాలున బోర్లా తిప్పేస్తుంది.

ఆ పేజీ అడుగున తమిళంలో ఒక వరుస ఉంటుంది. చదివి వినిపించినవారు: అంజనమ్మ, న్యాయ విభాగం.

ఆమె వినిపించలేదు. ఆ పంతొమ్మిది మందిలో ఒక్కరి మొహమైనా చూడలేదు.

తమిళనాడులోని ధర్మపురి ఊరి బయట మామిడి గుజ్జు తీసే కంపెనీ అది. జూన్ నెల కావడంతో ఆవరణంతా తియ్యటి పులుపు వాసన. న్యాయ విభాగం మేడ మీద, మూల గది. ఉద్యోగం కాగితాల్లో అంజనమ్మ ఇప్పటికీ రికార్డు గది ఆయానే. యాభై ఏడేళ్ళు. కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది, పండ్ల బుట్టలు మోసిన భుజం. ఇరవై నాలుగో ఏట పండ్లు కడిగే పనికి చేరి, డబ్బాల మీద అంటించే చీటీలు చూసి అక్షరాలు పట్టుకొంది. డబ్బాల తర్వాత బస్సు బోర్డులు, ఆ తర్వాత పొట్లాం కాగితాలు. చదవడం వచ్చిన కూలిమనిషి ఉందని తెలిసి, అప్పటి లాయరు సారు ఆమెను మేడ మీదికి పిలిపించుకొన్నాడు.

భర్త అప్పటికే వెళ్ళిపోయాడు. బెంగళూరులో కట్టడం పని అన్నాడు. హరూర్ బస్టాండులో బస్సు కదిలాక కిటికీలోంచి ఏదో చెప్పాడు. ఇంజను చప్పుడులో ఆమెకు వినపడలేదు. అయినా విన్నట్టే తల ఊపింది. ఎప్పుడు వస్తానన్నాడో, అసలు రానన్నాడో ఇప్పటికీ తెలియదు.

అందుకేనేమో, రైతులకు ఒప్పందం చదివేటప్పుడు ఆమెకో పద్ధతి ఉండేది. వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి, తమిళంలో ఉన్న ఒక్కొక్క షరతూ చదివి, తెలుగువాళ్ళయితే తెలుగులో విడమరిచి చెప్పేది. చివర, "నేనేం చెప్పినానో తిరిగి చెప్పు. చెప్పకుంటే వేలు పెట్టేది లేదు" అనేది. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు బడిపిల్లల్లా చేతులు కట్టుకొని అప్పజెప్పేవాళ్ళు. ఎవరైనా తడబడితే మొదటికి వచ్చేది. తోట కొలతలకు పోయే మనుషులు కింద జీపులో హారన్ కొట్టినా లేచేది కాదు.

రెండేళ్ళ కింద మోహనప్రియ వచ్చింది. హోసూరు వైపు పిల్ల, లాయరు, ముప్పై నిండలేదు. ప్రతి ఒప్పందానికీ కొనుగోలు విభాగంవాళ్ళు మేడ ఎక్కి వారం రోజులు కాచుకోవడం చూసి, "ఒప్పందాలు కంప్యూటరులో వాళ్ళే తయారు చేసుకొనేట్టు పెట్టేద్దామక్కా" అంది. అంజనమ్మ భయపడింది. కంప్యూటరు చదువు తనకెక్కడిది అంది.

"కోడ్ గీడ్ ఏమీ రాయక్కర్లేదక్కా. గడులు గీసి బాణాలు పెడితే చాలు. ఇల్లు ఊడ్చేదానికన్నా సులువు. మీరు రైతును ఏమేం అడుగుతారో చెప్పండి, అంతే."

మూడు వారాలు ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంది అంజనమ్మ. తోట ఎవరి పేర ఉంది? ఉమ్మడిదైతే ఈ బాణం, ఒక్కరిదైతే ఆ బాణం. ఎన్ని చెట్లు? ఎన్నేళ్ళకు? ముప్పై ఏళ్ళు తన తలలో ఉన్నదంతా తెర మీద రంగురంగుల గడులుగా పరుచుకొంటుంటే ఆమెకు ఒళ్ళు పులకరించింది. చిట్టచివరి గడి ఆమెదే. చదివి వినిపించి, రైతు తిరిగి చెప్పాక అక్కడ టిక్కు పెట్టాలి. పెడితే తప్ప కాగితం పుట్టదు. "అక్కడ మీ పేరే ఉండనీ అక్కా, గుర్తుగా" అంది మోహనప్రియ.

తర్వాత మీటింగు జరిగింది. అంజనమ్మను మీటింగుకు పిలవడం అదే మొదలు. సాసరు మీద కప్పు పెట్టి టీ ఇచ్చారు. కొనుగోలు విభాగం వేల్మురుగన్ లేచి, "తోటలో నిలబడి ఇంత కథ చదివితే కాయ చెట్టు మీదే పండిపోతుంది సార్. ఆ టిక్కు ముందే పెట్టేయండి" అన్నాడు. అందరూ నవ్వారు. మోహనప్రియ వద్దంది. కంపెనీ పెద్దసారు అంజనమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, నీ పేరే కదా, నీకేమైనా ఇబ్బందా?" అని అడిగాడు.

అంత పెద్ద బల్ల చుట్టూ అన్ని కళ్ళూ ఆమె మీదే. చేతిలో కప్పు వణుకుతోంది, సాసరు మీద టకటక చప్పుడు. ఆ చప్పుడు ఆగితే చాలనిపించింది. తల ఊపింది. "అట్లే కానీండి సార్."

అప్పటినుంచి ఏడో పేజీని బోర్లా తిప్పుతోంది.

పదకొండు గంటలకు మెట్ల మీద చెప్పులు ఈడుస్తున్న చప్పుడైంది. ఇండూరు ఊరి రైతు సుబ్బన్న. డెబ్బై అయిదేళ్ళ మనిషి. ఏటా ఆమె ఎదుట కూర్చొని ఒప్పందం విన్నవాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

"ఏం పాపా, బతికే ఉండావా? మేడ దిగేది మానేసినావంటనే?"

"కూర్చో మామా. నీళ్ళు తాగు."

"నీళ్ళు మా బోరులోనూ లేవు, ఇక్కడైనా తాగుతాను." గ్లాసు ఖాళీ చేసి కాగితం చాచాడు. "ఇదేందో వచ్చిండాది. మా మనవరాలు కవిప్రియ చదివి కేసంటా ఉంది. దాని తమిళం నాకు పూర్తిగా ఎక్కలేదు. నువ్వైతే తేటగా చెప్తావు."

ఆమె మడతలు విప్పింది. కంపెనీ పంపిన నోటీసు. అదీ గడుల్లోంచి పుట్టిందే, చెట్ల లెక్క తగ్గిందని గడిలో పడితే దానంతట అదే పోతుంది. అయిదేళ్ళ ఒప్పందం నడుస్తుండగా పదకొండు చెట్లు కొట్టేసినందుకు తోట మీద దావా వేస్తామని ఉంది.

"అయిదేళ్ళా?" అన్నాడు సుబ్బన్న. "ఎప్పుడూ ఒక్క కాపుకే కదా రాసేది. నీళ్ళు లేకనే కదా కొట్టింది. మిగిలినవి కూడా తీసేసి రాగి పైరు వేద్దామని అనుకొన్నాము."

ఎన్నేళ్ళకు అన్న గడిలో వేల్మురుగన్ వాళ్ళు అయిదు అని ముందే వేయించుకొన్నారు. చదివి ఉంటే మొదటి నిమిషంలోనే బయటపడేది.

"నువ్వు అడగలేదా మామా, ఎన్నేళ్ళని?"

"జీపులో వచ్చిన కంపెనీ పిల్లోడు ఇంజను కూడా ఆపలేదు పాపా. రేషన్ అంగట్లో మాదిరి వేలిముద్రల మిషను చాపినాడు. చదవరా అంటే, అంజనమ్మ చూసేసింది తాతా, ఇదో పేరు, వేలు పెట్టు అనె. నీ పేరు చెప్పినాక నేను ఇంకేం అడిగేది?"

అతని గొంతులో నిష్ఠూరం లేదు. దానికే ఆమె తల ఎత్తలేకపోయింది. కోప్పడి ఉంటే ఏదో ఒకటి చెప్పుకొని ఉండేది.

మోహనప్రియ పక్క బల్ల దగ్గరినుంచి లేచి వచ్చి నోటీసు చూసింది. మొహం పాలిపోయింది.

"చదివి వినిపించలేదని మీరు రాసిస్తే ఈ నోటీసు నిలవదక్కా. ఒప్పందమూ నిలవదు. కానీ..." గొంతు తగ్గించింది. "మీకింకా ఎనిమిది నెలలే కదా సర్వీసు. పెద్దసారు మీ మీదకే తిప్పుతారు. ఈ తాతది ఒక్కటే రాయండి. పొరపాటయిందని చెప్పి చూస్తాను."

"మొత్తం ఎన్ని ఉండాయి మేడం?"

"నాలుగు వందల పన్నెండు."

"మొత్తానికీ రాస్తాను."

"అక్కా, ఆలోచించుకోండి. నేను వద్దన్నాను కదా ఆరోజు. మీరే కదా సరే అన్నది!"

"అదే మేడం రాసేది."

చదవడమే తప్ప ఆమె ఎప్పుడూ పెద్దగా రాసింది లేదు. అచ్చు చూసి నేర్చుకొన్న అక్షరాలు కాబట్టి ఒకదాన్నొకటి తాకకుండా అచ్చులాగే పడ్డాయి. అర పేజీ రాయడానికి గంట పట్టింది. సుబ్బన్న కుర్చీలోనే కునికాడు. అతని ఒప్పందం రద్దు కావాలంటే అతని వేలిముద్ర కూడా కింద ఉండాలంది మోహనప్రియ. అంజనమ్మ అతన్ని లేపి, ఎదురుగా కూర్చొని, రాసింది చదివి, తెలుగులో చెప్పింది.

"తిరిగి చెప్పు మామా."

"ఎందుకులే పాపా. తెలిసింది లే."

"చెప్పకుంటే వేలు పెట్టేది లేదు."

సుబ్బన్న గోడకేసి చూశాడు. మోహనప్రియ కిటికీకేసి తిరిగింది. కింద పండ్ల లారీ వెనక్కు తిప్పుతున్నారు.

"అంజనమ్మ నాకు చదవలేదు," అన్నాడు మెల్లగా. "ఎవురికీ చదవలేదు. చదివినట్టు పేరేస్తామంటే సరే అనింది." తన బొటనవేలు చూసుకొన్నాడు. "ఆ పేరును నమ్మి నేను వేలు పెట్టినాను."

చివరి మాట కాగితంలో లేదు. ఆమె మళ్ళీ పెన్ను తీసుకొని, తల వంచుకొని, ఆ మాట కూడా రాసింది. దాని కింద సుబ్బన్న వేలు పెట్టాడు.

మోహనప్రియ కాగితం తీసుకొని పెద్దసారు గదిలోకి పోయింది. తలుపు వెనక మాటలు పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగాయి. ఆమె బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తాతా, మీ మీద దావా లేదు. పోయి రండి." తర్వాత అంజనమ్మతో, "విచారణ అయ్యేదాకా రావద్దన్నారక్కా. అయినాక కూడా..." అని ఆపేసింది.

"రేపటి ప్రింట్లు ఎవురు తీస్తారు?"

"రేపు ప్రింట్లు ఉండవు. ఆ టిక్కు తీసేదాకా అన్నీ ఆపించినాను."

అంజనమ్మ అన్నం క్యారియరు సంచిలో పెట్టుకొంది. సుబ్బన్న మెట్ల దగ్గర కాచుకొని ఉన్నాడు. ఇద్దరూ ఒక్కో మెట్టూ దిగారు. గేటు దాటాక ఇండూరు బస్సు ఒకవైపు, ఆమె దారి ఒకవైపు.

మేడ మీద గదిలో, ఆమె కుర్చీ వీపు మీద, సుబ్బన్న వేలికంటిన సిరా తుడిచిన తడిగుడ్డ ఆరుతూ ఉంది. ముప్పై ఏళ్ళ వేళ్ళ మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి నీలమో నలుపో తెలియకుండా పోయిన గుడ్డ. దాని అంచున ఈరోజు మచ్చ ఒక్కటి ఇంకా తడిగా మెరుస్తోంది.