మూత పోయిన రేకు డబ్బా

దగ్గరికి రండి, ఇంకొంచెం దగ్గరికి. నా గొంతుకు తుప్పు పట్టింది, గట్టిగా పలకలేను. ఆ విరిగిన ఫ్యాను రెక్క పక్కకు జరిపి కూర్చోండి. గీసుకుంటుంది, జాగ్రత్త.

నేను ఒక రేకు డబ్బాను. విజయనగరంలో మస్తాన్ అనే రేకు పనివాడు పాత నూనె డబ్బాను కత్తిరించి నన్ను చేశాడు. మూత బిగుసుకుపోయింది. చెంచా కాడ దూర్చి ఎత్తితే గాని రాదు, వచ్చేటప్పుడు 'టప్' మని అరుస్తుంది. "పని చెడిపోయింది" అని అతను నామీదే విసుక్కున్నాడు. మనుషులంతే, తమ చేతి తప్పుకు వస్తువు మీద అలుగుతారు. సైకిలు షాపతను నన్ను కారుచౌకగా కొని మూడేళ్లు మేకులు పోసి ఉంచాడు. మేకులతో మాటామంతీ ఏముంటుంది చెప్పండి? అతను షాపు ఎత్తేసిన రోజున నన్ను పక్కింటి బంగారమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

బంగారమ్మ విస్తరాకులు కుట్టుకుని బతికేది. నాలో నువ్వులుండలు, బెల్లం దాచుకునేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రోజంతా ఆమె ఈనెపుల్ల చప్పుడు తప్ప ఆ పెంకుటింట్లో మరో చప్పుడు ఉండేది కాదు. అలాంటి ఇంటికి హేమ వచ్చింది. ఎదురింటి రవణమ్మ కూతురు, ఐదేళ్లది. జూట్ మిల్లు సైరన్ మోగేసరికి రవణమ్మ పిల్లను బంగారమ్మ దగ్గర దిగబెట్టి పరుగెత్తేది.

మొదటి రోజు హేమ ఏడ్చిన ఏడుపుకు గోడ మీద బల్లులు కూడా పారిపోయాయి. బంగారమ్మకు ఏం తోచలేదు. నా మూత ఎత్తి ఓ నువ్వులుండ తీసింది. ఏడుపు ఆగింది! ఆ రోజు నుంచి నాకు పండగే. ఏడిస్తే ఉండ, ఏడవకపోతే మెచ్చుకోలుగా ఇంకో ఉండ. మధ్యాహ్నం పడుకునేటప్పుడు బుగ్గన చిన్న బెల్లం ముక్క. అది చప్పరిస్తూ, మామ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుని నిద్రపోయేది. వీధి చివర ఆడుకుంటున్నా నా 'టప్' వినిపిస్తే చాలు, ఒక్క ఉరుకున వచ్చేది. ఇన్నాళ్లకు నా అరుపు ఒకరికి ఇష్టమైంది.

ఏడాది తిరక్కుండానే హేమ బుగ్గ బూరెలా వాచింది. రవణమ్మ ఆ పూట మిల్లు మానేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటెట్టినావత్తా దీనికి?"

"కొట్టు చాక్లెట్టొక్కటి పెట్టినానేటే? ఇంటి బెల్లం, ఇంటి నువ్వులు! కావాలంటే డాక్టరమ్మనే అడుగు!"

అనడమే కాదు, నన్ను సాక్ష్యానికి చంకన పెట్టుకుని తల్లీపిల్లలతో పాటు ఆసుపత్రికి బయలుదేరింది. పళ్ల డాక్టరమ్మ ముందు బల్ల మీద నన్ను పెట్టి, బంగారమ్మే మూత ఎత్తింది. టప్! వరసలో ఉన్న జనమంతా నవ్వారు.

డాక్టరమ్మ నవ్వలేదు. హేమ నోట్లోకి లైటు వేసి చూసింది. "పంటికి ఇంటి తీపి, కొట్టు తీపి అని తేడా తెలియదమ్మా. ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు అంటుకుని ఉంది, అదే దానికి లెక్క. బుగ్గన బెల్లంతో నిద్రపుచ్చితే ఇక పన్ను ఏం మిగులుతుంది?" అంది. జామకాయ, కీరా ముక్క, పెరుగు, ఉడికిన గుడ్డు, పుట్నాలు పెట్టమంది. తీపి పెట్టాలనిపిస్తే అన్నంతోపాటే పెట్టి, నోరు పుక్కిలించమంది. పుచ్చిన పాలదంతం పీకి, కాగితంలో చుట్టి హేమ చేతికిచ్చింది.

ఇంటికి రాగానే రవణమ్మ, "రేపట్నించి గుంటని మా సెల్లి కాడ దిగబెడతానత్తా" అంది.

బంగారమ్మ నన్ను బోర్లించింది. ఉండలన్నీ ఆవుకు పెట్టింది. బూడిదతో తోమి, ఎండలో ఆరబెట్టి, పుట్నాలు పోసింది. మర్నాడు మధ్యాహ్నం చెంచా కాడతో మూత ఎత్తింది. టప్. వీధిలోకి చూసింది. మూత పెట్టింది. మళ్లీ ఎత్తింది. "బెల్లం కోసమే వచ్చీదేటే అది నాకాడికి?" అని నన్నే అడిగింది. నాకూ అదే భయం. ఖాళీగా ఉన్నప్పటికంటే, నిండుగా ఉండి ఎవరూ చెయ్యి పెట్టకపోతేనే డబ్బాకు ఎక్కువ దిగులు.

అలా తొమ్మిది రోజులు.

పదో రోజు ఆదివారం. మూత ఇంకా ఎత్తనే లేదు, గుమ్మంలో హేమ. వెనక సందు మలుపులో రవణమ్మ, ఎటో చూస్తున్నట్టు నిలబడింది. పిల్ల పిడికిట్లో కాగితం పొట్లం.

"మామ్మా, పన్ను పేడలో చుట్టి పెంకుల మీదికి ఇసరాలంట. పిన్నోళ్లది డాబా ఇల్లు. పన్ను నీ ఇంటి మీదే ఎయ్యాలి."

బంగారమ్మ పేడ తెచ్చింది, చుట్టింది, పిల్లను ఎత్తుకుంది. హేమ విసిరిన ముద్ద పెంకుల మీద పడి అంటుకుంది. లోపలికి వచ్చాక హేమ నా మూత తనే ఎత్తింది. టప్!

"బెల్లం లేదేటి?"

"నేదమ్మా."

మూతి ముడిచింది. లోపలికి తొంగి చూసింది. గుప్పెడు పుట్నాలు తీసుకుని, మామ్మ ఒళ్లో కూర్చుని నమలసాగింది. సందు మలుపులోంచి, "సైరన్‌కి తెస్తానత్తా రేపు!" అన్న కేక వినిపించింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు నాకు చేతుల కొరత లేదు. హేమ పెద్దదైంది, వేరే ఊరు వెళ్లింది. బంగారమ్మ పోయింది. ఇల్లు ఖాళీ చేసినవాళ్లు నన్ను పాత ఇనుప సామాను బండిలో పడేశారు. ఆ కుదుపుల్లో మూత ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు ఈ తుక్కు కుప్పలో వాన వస్తే నీళ్లు, ఎండ వస్తే దుమ్ము. లోపలి అతుకులో ఓ పుట్నాల బద్ద ఇంకా ఇరుక్కుని ఉంది. మాట్లాడుకోవడానికి నాకున్నది అదే.

మీరు ఇంటికి వెళ్లాక ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని, జామ ముక్క చేతికిచ్చి చెప్పండి. కథ బెల్లం దగ్గరికి వచ్చినప్పుడు నన్ను తలుచుకోండి. మూత ఎత్తే చోట మాత్రం 'టప్' అని మీ నోటితోనే అనాలి సుమా. నాకిక మూత లేదు కదా.