మగ్గం కాలి కింద ఒప్పందం

నేను ఒక స్టాంపు కాగితాన్ని. సర్కారు ముద్ర నెత్తిన పెట్టుకుని పుట్టాను కదా, మొదట్లో గీరగానే ఉండేదాన్ని. అమలాపురంలో బట్టల కొట్టు నడిపే గ్రంధి రాజ్యలక్ష్మి గారికి, బండారులంక నేతగాడు చింతా వీరభద్రానికి మధ్య నన్ను రాయించారు. పెళ్లిపీటల మీద కట్టే ఎర్రంచు తెల్లబట్టలు, అవే మధుపర్కాలు, మాఘమాసానికి నూట ఇరవై జతలు. "హెచ్చుతగ్గులు చెల్లవు" అని దస్తావేజు లేఖరి నా చేత ఘనంగా పలికించాడు. తేదీలు మాత్రం గోడ మీది బ్యాంకు క్యాలెండరు చూసి వేశారు. పెళ్లికి నక్షత్రాలన్నీ లెక్కపెట్టే ఈ మనుషులు పెళ్లిబట్టలకు పంచాంగం తిప్పనే లేదు!

పుష్యమాసంలో పురోహితుడు కొట్టుకొచ్చి చల్లగా చెప్పాడు, మాఘమంతా శుక్రమూఢమని, ఒక్క పెళ్లీ జరగదని. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. సొరుగులోంచి తీయడం, చదవడం, విసుగ్గా మడిచి పెట్టడం. నా మడతలు చిరగసాగాయి.

"ఎనబై జతలు నేసేశానండి. మిగతా పడుగు పోగులు మగ్గం మీదున్నాయి. కాయితంలో నూటిరవై అనే ఉంది కదండీ?" అన్నాడు కొట్టుకొచ్చిన వీరభద్రం.

"ఉంది వీరభద్రం, కాదన్నానా? కట్టుకునే పెళ్లికూతురేదీ?"

ఇద్దరూ నన్నే చూపించి దెబ్బలాడుకున్నారు. చివరికి అతను లేచి, "పడుగు దింపేసి మగ్గం ఇప్పేత్తానండి. తాపీపనికి పోతాను," అన్నాడు. బండారులంకలో వాళ్ల వీధిలో మధుపర్కాలు నేసే మగ్గం అదొక్కటే. నా మూలంగా అది ఆగిపోతుందేమోనని హడలిపోయాను.

అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి ఉంది అతని భార్య ఆదెమ్మ. ఇంట్లో నేతకి నూలు కండెలు చుట్టేది ఆవిడే.

"మిగతా పడుగులో నేత ఇంకా పడలేదు కదమ్మా. పెళ్లిళ్లుంటే మదుపర్కాలు, లేపోతే దుప్పట్లు నేత్తాం. ఏది కావాలో పది రోజుల ముందు సెప్పండి. ఏది నేసినా మీరే తీసుకోవాల."

"పెళ్లిళ్లు మీదపడితేనో?"

"కాయితంలో ఉన్నదానికి పైన ఇంకో మూడో వంతు నేసిత్తాం."

రాజ్యలక్ష్మి గారు నన్ను బల్ల మీద పరిచారు. నేసిన ఎనభై జతలనూ మూఢం వెళ్లేదాకా కొట్టులోనే దాచుకుంటానన్నారు. "హెచ్చుతగ్గులు చెల్లవు" అన్న మాటను కొట్టేసి, ఆదెమ్మ చెప్పిందంతా నా అంచున రాసి సంతకం పెట్టారు. ఆ గీత పడ్డప్పుడు నొప్పేసింది, ఊపిరీ ఆడింది. మాఘంలో ఎర్రంచు దుప్పట్లు అమ్మారు. ఫాల్గుణంలో మూఢం వెళ్లాక మధుపర్కాలు అల్మరాల్లోంచి దిగాయి.

మరుసటి ఏడు ముందు పంచాంగం తెరిచి, తర్వాత కొత్త కాగితం కొన్నారు. నాతో పనైపోయింది. వీరభద్రం నన్ను ఇంటికి పట్టుకెళ్లి, ఎనిమిది మడతలు పెట్టి, ఊగుతున్న మగ్గం కాలి కింద దోపాడు. ఒక్క జత అటూ ఇటూ కావడానికి వీల్లేదన్న నేను, ఇప్పుడు పేకను మోసుకుపోయే నాడె పరుగుకీ, దాన్ని బిగించే పలక దెబ్బకీ ఇంత అణుగుతాను, ఇంత లేస్తాను. పగలంతా నాకు కుదురుండదు. మధ్యాహ్నం వాళ్లు అన్నానికి లేచినప్పుడు మగ్గం ఆగుతుంది. అప్పుడు మాత్రం భయమేస్తుంది.