ఎన్నడూ పడని విమానం

"పద్మా, గీ అవ్వకు జర చెప్పు. మన విమానం ఎన్నడన్న పడ్డదా?"

మా ఆయన శ్రీహరి రోలింగ్ చైర్‌లో అటూ ఇటూ ఊగుతూ అన్నాడు. చీపురు మూలన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, కంప్యూటర్ ముందున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. మెట్‌పల్లి బస్టాండు దగ్గర మాది గల్ఫ్ టికెట్ల దుకాణం, వెనకే ఇల్లు. బోర్డు మీద ఆయన పేరు, ఆయన ఫోటో. టికెట్లు తీసేది, తేదీలు మార్చేది, పేరులో అక్షరం తప్పు పడితే కంపెనీవాళ్లను బతిమాలి సరిచేయించేది నేను. జీతం మాటెత్తితే, "మన దుకాణమే గదనే, నీకు నువ్వే జీతం ఇచ్చుకుంటవా?" అని నవ్వుతాడు. ఆ మన దుకాణంలో వీపు ఆనించే కుర్చీ ఒక్కటే ఉంది, అది ఆయనది.

టీవీలో విమానం కూలిన వార్త చూసినప్పటి నుంచి వచ్చినవాళ్లందరిదీ ఇదే ప్రశ్న. ఆయనది ఒకటే జవాబు: "మనం ఇచ్చేది ఒక్కసారి గూడ పడలే, ఫికర్ జెయ్యకుండ్రి." నేను మాత్రం వంట చేస్తూ, బట్టలు నానబెడుతూ, ఫోన్లో ఆ ప్రమాదాల చరిత్రలు చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకు నిలకడ లేకుండా పోయింది. ఎన్నిసార్లు పడ్డదని ఒక్కటే చూస్తే లాభం లేదట. ఎన్నిసార్లు ఎగిరితే పడ్డది? ఎందుకు పడ్డదో తేల్చారా? తేల్చాక ఏం మార్చారు? పడబోయి తప్పిపోయినవి కూడా రాసిపెడతారట, ఎవరికీ చిన్న దెబ్బ తగలకపోయినా సరే. ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. కూర మాడిన వాసన వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

ఇవాళ మంథని నుంచి మా బాపు వస్తున్నాడు, అదీ నా బాధ. మా చెల్లె అలేఖ్యను మా మరిది నరేశ్‌కు అడుగుతున్నారు. మా దిక్కు పిల్లను ఇచ్చేముందు ఆ ఇంటి గురించి ఇరుగుపొరుగును ఆరా తీస్తారు. తాగుడుందా, కొట్లాటలున్నాయా, ఎన్నడన్నా పంచాయితీకి ఎక్కారా అని. మా ఇంటి గురించి ఎవరిని అడిగినా, ఆ ఇంట్ల ఒక్కనాడు లొల్లి వినలేదనే చెబుతారు. బాపు ఫోన్లో అన్నాడు: "ఊరందర్ని అడుగుడెందుకు బిడ్డా, ఇంట్ల నువ్వే ఉన్నవు గద. నీ నోటితోని ఒక్క మాట చెప్పు, ముహూర్తం పెట్టుకుందాం."

ఏం చెప్పను? మా ఆయన నన్ను కొట్టలేదు, నిజమే. ఎత్తిన చెయ్యి నా చెంప పక్కనుంచి పోయి తలుపుకు తగిలింది. ఆ చేతికి పసుపు పెట్టింది కూడా నేనే. కంచం గోడకేసి విసిరితే, పక్కింటామె వచ్చేలోపు గోడంతా తుడిచి, చెయ్యి జారిందక్కా అని నవ్వాను. వానలో బయటికి తోసి గడియ వేస్తే, ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చినట్టు దండెం దగ్గర నిలబడ్డాను. లోపల నరేశ్ ఉన్నాడు, గడియ తీయలేదు. పొద్దున నా ముందు కూర్చొని చాయ్ తాగుతూ, "వదినె, అన్నకు కోపం తెప్పియ్యకుండ్రి, నాకు నిద్ర ఖరాబైతుంది" అన్నాడు. ఛీ, ఎంత బాగా తుడిచానో! మా ఇంటికి మంచిపేరు తెచ్చింది నా చేతిలోని గుడ్డపేలిక. ఇప్పుడు ఆ పేరు చూసే నా చెల్లెను పంపుతారట.

"ఏంది బిడ్డా, పడ్డదా, పడలేదా?" కొమురవ్వ మళ్లీ అడిగింది. ఆమె కోడలు, మన్మరాలు మస్కట్ పోతున్నారు.

"పడలే అవ్వా. కని మేం ఇచ్చే కంపెనీ మొన్నమొన్ననే పెట్టిండ్రు, ఎగిరిందే తక్కువ. ఇంకో కంపెనీది ఎన్కట ఒకటి పడ్డది. ఎందుకు పడ్డదో దాచకుండ చెప్పిండ్రు. మళ్ల గట్ల కాకుండ అన్నీ మార్చుకున్నరు. గప్పటి సంది మస్తు ఎగిరింది, ఏం కాలే."

శ్రీహరి ముఖం మాడిపోయింది. "ఆమెకేం తెల్వదవ్వా. ఫోన్ చూసి చూసి దిమాక్ ఖరాబైంది. ఏయ్, చాయ్ పట్కరా పో."

"నాకు చాయ్ వద్దు గని," కొమురవ్వ స్టూలు దగ్గరికి జరిగింది, "పడ్డదని నిజం చెప్పిండ్రు సూడు, గా కంపెనీదే తియ్యి బిడ్డా."

టికెట్ తీసి ఆమె చేతికిచ్చాను. అప్పుడే బాపు గుమ్మంలోకి వచ్చాడు. శ్రీహరి కుర్చీలోంచి లేచి ఎదురెళ్లాడు.

"రాండ్రి మామా! మీ బిడ్డ ఈడనే ఉన్నది, ఆమెనే అడుగుండ్రి. మా ఇంట్ల ఎన్నడన్న లొల్లి అయ్యిందా?"

నావైపు చూసి నవ్వాడు. నా మీద ఎంత ధీమా! నాకు ఒళ్లు మండింది.

బాపు ఆశగా చూశాడు. "చెప్పు బిడ్డా."

"కాలే బాపు," అన్నాను. శ్రీహరి నవ్వు ఇంకా పెద్దదైంది. "కాకుండ నేను ఆపిన. దినాం ఆపుతున్న. నాకు చాతనైతలేదు. అలేఖ్యను ఈ ఇంటికి ఇయ్యకు."

కొమురవ్వ గడపదాకా పోయి అక్కడే ఆగింది.

"పద్మా," శ్రీహరి పళ్లు బిగించి, గొంతు తగ్గించి అన్నాడు, "ముందుగాల మామకు చాయ్ పట్కరా."

నేను లేచాను. వంటింటి దిక్కు పోలేదు. నా స్టూలును రెండు చేతులా ఎత్తి బాపు ముందు వేశాను. వెనక్కి వచ్చి రోలింగ్ చైర్‌లో కూర్చున్నాను, వీపు ఆనించి.

"కూసో బాపు. పడబోయి తప్పినవి చాన ఉన్నయి. మొదట్నుంచి చెప్త."