ముప్పయ్యారు చిల్లులు

నందిగామలో కంచరి కనకయ్య మాటు వేసిన బిందె మళ్లీ కారిందన్నవాళ్లు లేరు. ఆ మాటు ఎక్కడ పడిందో కనిపెట్టినవాళ్లు అంతకన్నా లేరు. "కారితే తెచ్చి నా మొహాన కొట్టండి," అని చెప్పి మరీ ఇచ్చేవాడు. ఆ గర్వం ఆయనకు కాస్త ఎక్కువే, ఉండనివ్వండి.

అల్లుడు వీరబ్రహ్మం బెంగుళూరులో ఏదో పరిశోధన చేస్తున్నాడని మాత్రం ఆయనకు తెలుసు. అంత చదువుకున్న అల్లుడికి తన చేతిపనితో అవసరమేం పడుతుందని లోపల చిన్న దిగులు. సెలవులకి భార్యతో వచ్చిన అల్లుడు ఒకరోజు పొద్దున్నే తన అక్కను చూడటానికి జగ్గయ్యపేట బస్సెక్కాడు. అతని పెట్టె మీద ఇత్తడి వస్తువొకటి కనకయ్య కంటబడింది. జానెడు పొడవు, వంపు తిరిగిన రెక్క, లోపలంతా బోలు. ఒంటినిండా సూదిమొన పట్టేటంత చిల్లులు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

'పాపం, అడగటానికి మొహమాటపడి ఉంటాడు,' అనుకున్నాడు. మధ్యాహ్నానికల్లా తగరంతో చిల్లులన్నీ పూడ్చి, ఆకురాయితో రుద్ది, మచ్చ తెలియకుండా పైన కళాయి కూడా పూశాడు.

మూడింటికి అల్లుడొచ్చాడు. రెక్కను అటూ ఇటూ తిప్పి చూసి అరుగు మీద కూలబడ్డాడు.

"మావయ్యగారూ, దీని చిల్లులేవండీ?"

"ఒక్కటి మిగిలితే నన్నడగండి అల్లుడుగారూ!"

కూతురు పుష్పవతి నెత్తి కొట్టుకుంది. "నాన్నా, ఆ చిల్లులు పెట్టటానికే ఆయనకి నాలుగు నెలలు పట్టింది. సోమవారం పెద్దసారు ముందు పరీక్ష! ఆరింటికి బస్సు!"

వీరబ్రహ్మం కోప్పడలేదు. మెల్లగా చెప్పాడు. "విమానం ఇంజన్లో టర్బైనని ఉంటుందండీ. నిప్పులాంటి గాలి తగిలి దాని రెక్కలు గిర్రున తిరుగుతాయి. అవి కరిగిపోకుండా లోపలికి చల్లగాలి పంపితే, ఈ చిల్లుల్లోంచి వచ్చి రెక్క మీద పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఇది నమూనా."

"అంటే కారటమే దీని పనా?" కనకయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

వెంటనే కొలిమి రాజేశాడు. రెక్కను కాచి, బోలులో ఊదుగొట్టం పెట్టి బుగ్గలు పగిలేలా ఊదాడు. కరిగిన తగరం చుక్కలు చుక్కలుగా రాలింది. కొలిమి మీంచి తీసి, ఊదుతూ ఊదుతూ వేలితో తాకి చూశాడు.

"అల్లుడుగారూ, ఈ వరస కాడ చల్లబడిందండీ!" చిన్నపిల్లాడిలా అరిచాడు.

ముప్పై అయిదు తెరుచుకున్నాయి. ముప్పయ్యారోది ఎక్కడుందో పూడ్చిన కనకయ్యకే దొరకలేదు. ఇన్నాళ్లూ మీసం మెలేయించిన పనితనం ఇవాళ ఆయన్నే బోల్తా కొట్టించింది. వీరబ్రహ్మం కొలతల కాగితం చూసి, కొలిచి, పెన్సిలుతో చుక్క పెట్టాడు. చిల్లులు పెట్టే సన్నటి బరమా తీసి మామగారి చేతికిచ్చాడు.

"నాకు నాలుగు నెలలు పట్టింది అందుకేనండీ, నా చెయ్యి కుదురుగా ఉండదు. మీరే పెట్టండి."

కనకయ్య అతని మొహంలోకి చూశాడు. అది ఓదార్పు కాదు, నిజంగానే అడుగుతున్నాడు. నలభై ఏళ్లుగా చిల్లులు పూడ్చిన చెయ్యి మొదటిసారి చిల్లు కోసం బరమా పట్టింది. ఊపిరి బిగబట్టి చిల్లు పెట్టాడు.

బస్సు కదిలేవేళ రెక్కను గుడ్డలో చుట్టి కిటికీలోంచి అందించాడు. అలవాటు కొద్దీ మాట నోటిదాకా వచ్చింది. ఒక్క క్షణం ఆగి సర్దుకున్నాడు.

"కారకపోతే తెచ్చి నా మొహాన కొట్టండి అల్లుడుగారూ!"